వేణువు నేర్వగోరు వారికి

వేణువు చూచుటకు అతి సామాన్యమైన వాద్యము. తంత్రులు లేవు, మెట్లు లేవు, బిగింపవలసిన తోలు లేదు. తెలుగున పిల్లనగ్రోవి యనియు, ఉర్దూలో బాన్సురీ యనియు పిలువబడు ఈ వెదురు గొట్టమును చేతబట్టిన ప్రతివాడును నాలుగు దినములలో పాట పలికింపవచ్చునని తలచును. మేమును అట్లే తలచితిమి. ఉభయ భాషా విభాగముల విద్యార్థులము కొందరము పట్టణమున ఒక గురువుగారి వద్ద చేరితిమి. మొదటి దినమున మాకు వినిపించినది గాలి చప్పుడు మాత్రమే. పది దినములకే మాలో ఒక మిత్రుడు, సంగీతము తన నుదుట వ్రాసిలేదని చెప్పి, వేణువును పెట్టెలో దాచివేసెను. ఆరంభమున ఏమి జరుగునో ముందుగా తెలిసియున్నచో అతడు మానియుండెడివాడు కాడని మా నమ్మకము. అందుకే ఈ వ్యాసము.

నాదము పుట్టుచోటు ఊదు రంధ్రపు అంచు. పెదవుల నడుమనుండి సన్నగా వెలువడిన గాలి ఆ యంచుకు తగిలి కొంత లోనికి, కొంత వెలుపలికి పోవును. ఆ కదలికచే గొట్టములోని గాలి కంపించి నాదమగును. పెదవి బియ్యపు గింజంత జరిగినను నాదము మాయమగును. గట్టిగా ఊదిన పలుకునని భ్రమపడరాదు. అట్లు ఊదినచో స్వరము పై స్థాయికి ఎగిరిపోవును. ఆరంభమున తల తిరుగుటయు కలదు. అవసరమునకు మించి ఊపిరి వెచ్చించుటయే దానికి కారణము. అప్పుడు వేణువును ప్రక్కనుంచి కొంతసేపు విశ్రమింపవలెను. దినమునకొకసారి గంటసేపు శ్రమించుటకంటె ఉదయము పావుగంట, సాయంకాలము పావుగంట సాధన చేయుట మేలని మా అనుభవము.

ఇక వ్రేళ్ల సంగతి. కర్ణాటక వేణువునకు ఊదు రంధ్రము గాక ఎనిమిది రంధ్రములు, హిందూస్థానీ బాన్సురీకి సాధారణముగా ఆరు రంధ్రములు ఉండును. వీనిని వ్రేళ్ల మెత్తని భాగముతో మూయవలెను. ఒక్కచోట వెంట్రుకవాసి సందున్నను క్రింది స్వరములు పలుకవు. కర్ణాటక పద్ధతిలో పై రెండు రంధ్రములు మూసిన షడ్జము వచ్చును. గాత్రము నేర్చువారు మాయామాళవగౌళలో సరళీ స్వరములతో ఆరంభింతురు. ఈ క్రమమును పురందరదాసు ఏర్పరచెనని సంప్రదాయము. కాని ఆ రాగములోని శుద్ధ రిషభ ధైవతములకు వేణువుపై రంధ్రమును సగము మాత్రమే తెరువవలెను. క్రొత్తవానికి ఇది కష్టము. రంధ్రములను పూర్తిగా మూసి తెరచుటచే సహజముగా పలుకునది హరికాంభోజి. మా గురువుగారు మొదట మాచేత ఆ స్వరములనే పలికించిరి.

వేణువు పొడవు పెరిగిన కొలది శ్రుతి తగ్గును. వ్రేళ్లు ఎడముగా చాపవలసి వచ్చును. కనుక మొదట మధ్యమ పరిమాణము గలదానిని, అదియు గురువుచే శ్రుతి పరీక్ష చేయించి, కొనవలెను. ఎండలో నుంచిన వెదురు చీలును.

పెద్దల చరిత్రలు మనకు ధైర్యము కలిగించును. కుంభకోణము శరభశాస్త్రి (1872–1904) అంధుడయ్యును వేణువునకు కచేరీ వాద్యమను గౌరవము తెచ్చెను. ఈ విద్యకు కన్నులకంటె చెవి ముఖ్యమనుటకు వేరు సాక్ష్యమేల? పన్నాలాల్ ఘోష్ (1911–1960) పొడవైన బాన్సురీని ప్రవేశపెట్టి హిందూస్థానీ సంగీతమున దానికి స్థానము కల్పించెను. ఉర్దూ విభాగమువారు ఎరిగిన మౌలానా రూమీ (1207–1273) మస్నవీ సైతము, రెల్లుపొదనుండి వేరైన వేణువు మొరతోనే ఆరంభమగును. ఆ 'నై' నిలువుగా పట్టి ఊదునది; అయినను దానికిని ప్రాణము ఊపిరియే.

మాకు నిలుకడగల నాదము వచ్చుటకు మూడు వారములు, సప్తస్వరములు కుదురుటకు రెండు మాసములు, ఒక చిన్న గీతము పలుకుటకు ఆరు మాసములు పట్టినవి. మొదటి మూడు వారముల నిశ్శబ్దము అశక్తతకు గుర్తు కాదు. అదియే మొదటి పాఠము. అయితే వసతిగృహమున ఆ పాఠము ఇరుగుపొరుగు గదులవారి చదువునకు భంగము, మాకు సిగ్గు. మా మిత్రుడు మానుటకు ఇదియు ఒక కారణము. సాయంకాలము ఒక్క గంట ఖాళీ తరగతి గదిని సాధనకు అనుమతింపవలసినదిగా కళాశాల కమిటీవారిని సవినయముగా ప్రార్థించుచున్నాము. ఆ మిత్రుని వేణువు ఇంకను పెట్టెలోనే యున్నది, అది చీలిపోలేదు.