మీకు తెలుసా? సంక్రాంతి కూడా జరుగుతోంది... ముందుకు!

ఉగాది, దసరా, దీపావళి ఏటా తేదీ మార్చుకుంటాయి, సంక్రాంతి మాత్రం జనవరి 14ను పట్టుకుని కదలదని మన నమ్మకం. కదులుతుంది, కాకపోతే తాపీగా. స్వామి వివేకానంద పుట్టిన 1863 జనవరి 12 మకర సంక్రాంతి రోజే. 2024లో అదే పండగ 15న వచ్చింది. లీపు సంవత్సరం వల్లే ఈ తేడా అనేవారున్నారు. అది సగం నిజం. ఏటేటా 14కీ 15కీ మధ్య ఊగిసలాటకు కారణం అదే గానీ, నూటయాభై ఏళ్లలో పండగ ఇంత దూరం రావడానికి ఆ లెక్క చాలదు. మన పంచాంగం సూర్యుణ్ని నక్షత్రాల నేపథ్యంలో కొలుస్తుంది, గోడ మీది క్యాలెండరు రుతువుల వెంట నడుస్తుంది. భూమి అక్షం బొంగరంలా మెల్లగా తల తిప్పుతుంటుంది కాబట్టి నక్షత్ర సంవత్సరం రుతు సంవత్సరం కంటే సుమారు 20 నిమిషాలు ఎక్కువ. ఆ నిమిషాలే పోగై దాదాపు 70 ఏళ్లకు ఒక రోజవుతాయి.

మరి సంక్రాంతితో మొదలవుతుందనే ఉత్తరాయణం? సూర్యుడు నిజంగా ఉత్తరానికి మళ్లేది డిసెంబరు 21 లేదా 22న. సుమారు 1700 ఏళ్ల కిందట రెండూ ఒకే రోజున వచ్చేవి, ఇప్పుడు పండగ మూడు వారాలకు పైగా వెనకబడింది. అలాగని పంచాంగం తప్పనలేం. సంక్రాంతి అంటే సూర్యుడు మకర రాశిలో అడుగుపెట్టడం, ఆ మాటను అది తప్పలేదు. రుతువులకు కట్టుబడిన జాతీయ పంచాంగం 1957 మార్చి 22 నుంచి అమల్లో ఉన్నా, దాన్ని చూసి అరిసెల పాకం పట్టే ఇల్లు ఎక్కడుంది? పండగ ఇలాగే జరుగుతూ పోయి 22వ శతాబ్దిలో సంక్రాంతి ఎక్కువగా జనవరి 16న వస్తుంది.