నగరవీథుల అల్లిక

నగరము విస్తరించుట వేరు. దాని వీథులు ఒకదానితో నొకటి కలిసియుండుట వేరు. చైనాదేశమునందలి షియాన్ నగరమును పరిశీలించినచో ఈ భేదము తేటపడును.

షియాన్ పూర్వనామము చాంగాన్. మన ధాన్యకటకమును దర్శించిన యువాన్ చ్వాంగ్ 645లో తిరిగి చేరినది ఈ నగరమునకే. ఆనాడు అచట గోడలు గల పేటలు నూటికి పైగా నుండెను. రాత్రివేళ వాని ద్వారములు మూసెడివారు. 14వ శతాబ్దమున మింగ్ వంశీయులు కట్టించిన కోట చుట్టుకొలత సుమారు 14 కిలోమీటర్లు. నేటి నగరము ఆ కోటను దాటి నలుదిక్కులకు ప్రాకినది. 2020 జనగణన ప్రకారము జనసంఖ్య సుమారు 1 కోటి 29 లక్షలు.

వీథుల అల్లికను కొలుచు విధము సులభము. కూడలులను చుక్కలుగను, వాని నడిమి వీథులను గీతలుగను గుర్తింపవలెను. వరుసకు 4 చొప్పున 16 చుక్కలు పెట్టి ప్రక్కప్రక్కవానిని కలిపినచో 24 గీతలు వచ్చును. గీతలను చుక్కలచే భాగించిన 1.5. అవే చుక్కలను చెట్టుకొమ్మలవలె కలుపుటకు 15 గీతలు చాలును. నిష్పత్తి 1 కంటె తక్కువ. మొదటి అమరికలో ఒక దారి మూసినను మరియొకటి కలదు, రెండవదానిలో లేదు.

1949 తరువాత చైనా నగరములలో కర్మాగారములు, కళాశాలలు తమ ఉద్యోగుల ఇండ్లను ప్రహరీగోడల నడుమ కట్టించినవి. భూవినియోగ హక్కుల బదిలీని 1988లో రాజ్యాంగము అనుమతించిన పిమ్మట, గృహనిర్మాణ సంస్థలును పెద్ద ఖండములు తీసికొని చుట్టును గోడలు పెట్టినవి. రాజవీథులు వెడల్పైనవే, వానిని కలుపు సందులు తక్కువ. గోడ కావల కనబడు బడికి బాలుడు ద్వారము మీదుగా చుట్టి పోవలెను. లోపలికి పోజాలని బండ్లన్నియు పెద్దవీథినే క్రిక్కిరియును.

అందుచే 2016లో ప్రభుత్వము, ఇకపై గోడలు గల నివాసావరణలను సాధారణముగా కట్టరాదనియు, ఉన్నవానిని క్రమముగా తెరవవలెననియు, 2020 నాటికి చదరపు కిలోమీటరునకు సగటున 8 కిలోమీటర్ల వీథులుండవలెననియు నిర్దేశించెను. వీథులు 500 మీటర్లకొకటి యున్నచో 4 కిలోమీటర్లే యగును. 250 మీటర్లకొకటి యున్న 8 యగును. కాని 2007 నాటి ఆస్తి చట్టము ఆవరణలోని దారులను ఇంటియజమానుల ఉమ్మడిసొత్తుగా పేర్కొన్నది. తాము వెల యిచ్చి కొన్న దారిలో పరుల బండ్లు నడచుటకు నివాసులు ఒప్పుకొనలేదు.

ఇల్లు శిథిలమైనచో మరల కట్టవచ్చును. వీథిని తరువాత తెరచుట బహుకష్టము. కావున సందులకు చోటు విడువవలసినది కొత్తపేటకు పటము గీయునాడే. విద్యార్థులు తమ ఊరి పటమున చుక్కలను, గీతలను లెక్కించి ఈ నిష్పత్తిని కట్టి చూడవచ్చును.