సెలైన్ సీసా మూత

నా క్లినిక్ కుప్పంలో, రైల్వే స్టేషన్‌కు పోయే దారిలో ఉంది. రోజుకు ఇరవై మంది దాకా వస్తారు. సూది నొప్పెడుతుందా అని అడుగుతారు, ఎంతవుతుంది అని అడుగుతారు. "ఈ పనిముట్లు ఎట్లా కడిగినారు మేడమ్?" అని అడిగినవాళ్లను మాత్రం ఇన్నేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టొచ్చు. అడగాలి. ఎందుకు అడగాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను.

కుప్పంలో రైలెక్కి జోలార్‌పేట దాటితే వాణియంబాడి వస్తుంది. పెద్ద జబ్బులకు మావాళ్లు వేలూరు సీఎంసీకి పోయేది ఆ దారినే. 2023లో ఆ ఊళ్లో ఒక పళ్ల క్లినిక్‌కు వెళ్లొచ్చినవాళ్లలో 8 మంది చనిపోయారు. పంటికి వైద్యం చేయించుకుని ఇంటికొచ్చినవాళ్లకు జ్వరం, తలనొప్పి పట్టుకుంది, మాట తడబడింది. మెలియాయిడోసిస్ అనే జబ్బు మెదడుకు చేరింది. దాన్ని తెచ్చే బ్యాక్టీరియా మట్టిలో, మడి నీళ్లలో ఉంటుంది. అది నోట్లోకి ఎట్లా వచ్చిందని వేలూరు డాక్టర్లు, వాళ్లతో కలిసి పనిచేసిన పరిశోధకులు వెతికి, 2025లో లాన్సెట్ వాళ్ల ఆగ్నేయాసియా పత్రికలో రాశారు. వెతుకులాట ఒక సెలైన్ సీసా దగ్గరికి వచ్చి ఆగింది. చిగురును ఎముక మీది నుంచి లేపే పనిముట్టుతో దాని మూత తెరిచారు. మళ్లీ వదులుగా మూశారు. అయిపోయేదాకా ఒకరి తర్వాత ఒకరికి అదే వాడారు.

అది చదివిన రాత్రి నాకు నిద్ర పట్టలేదు. ప్రాక్టీసు పెట్టిన కొత్తలో అరలీటరు సీసా తెరిచి రెండు రోజులు వాడిన సంగతి నాకు గుర్తుంది. ఎవరికీ ఏమీ కాలేదు. కాలేదు కాబట్టే తప్పని తోచలేదు. బీడీఎస్‌లో మైక్రోబయాలజీ చదివాను, ఏ క్రిమి ఎంత వేడికి చస్తుందో పరీక్షలో రాశాను. మా డాక్టర్లలో చాలామందికి ఇదంతా తెలుసు. బయట బెంచీ మీద పదిమంది కూర్చుని, ఒకరు దవడ పట్టుకుని ఏడుస్తుంటే, ఆ తెలిసింది చేతిలోకి రావడమే కష్టం.

ఆటోక్లేవ్ అంటే పెద్ద కుక్కర్ అనుకోండి. నీళ్లు మామూలుగా 100 డిగ్రీల దగ్గర మరుగుతాయి. ఆవిరిని బయటికి పోనీకుండా బిగిస్తే వేడి 121 డిగ్రీలకు ఎక్కుతుంది. అందులో కనీసం 15 నిమిషాలు ఉంటే, మరిగే నీళ్లకు లొంగని బ్యాక్టీరియా స్పోర్లు కూడా చస్తాయి. మా గురువుల కాలంలో పనిముట్లను డబ్బాలో నీళ్లు పోసి ఉడకబెట్టేవాళ్లు. అట్లా ఉడకబెట్టడం చాలదు.

ఆటోక్లేవ్ ఉంది కదా అని నిశ్చింతగా కూర్చోవడానికీ లేదు. నెత్తురు ఎండి అతుక్కుపోయిన చోట పనిముట్టుకు ఆవిరి తగలదు. అందుకని మా అసిస్టెంట్ అమ్మాయి మందపాటి రబ్బరు గ్లవ్స్ వేసుకుని ముందు బ్రష్‌తో తోముతుంది, ఆరబెడుతుంది. ఒక పక్క కాగితం, ఒక పక్క ప్లాస్టిక్ ఉండే పౌచ్‌లో పెట్టి అంటించి తేదీ వేస్తుంది. ఎండాకాలం మాకు కరెంటు కోత. పన్నెండో నిమిషంలో పోయిందంటే మళ్లీ మొదటి నుంచి పెట్టాల్సిందే. "మూడు నిమిషాలే కదా మేడమ్ మిగిలింది" అనేది మొదట్లో. ఇప్పుడు నేను చెప్పకముందే మళ్లీ పెడుతుంది. పౌచ్ తడిగా బయటికొస్తే అదీ పనికిరాదు, తడి కాగితంలోంచి క్రిములు లోపలికి దిగుతాయి. పౌచ్ మీది గుర్తు రంగు మారితే ఆవిరి తగిలిందని అర్థం, అంతవరకే. స్పోర్లు ఉన్న చిన్న పట్టీని పనిముట్లతో పాటు లోపల పెట్టి, తీశాక అవి మళ్లీ పెరుగుతాయేమో చూడాలి. వారానికోసారి ఆ పరీక్ష చేస్తేనే మెషీన్ సరిగ్గా పనిచేస్తోందని నమ్మకం.

క్లినిక్‌లు ఎక్కువగా తప్పేది ఎయిరోటర్ దగ్గర, అదే, పన్ను అరగదీసే మెషీన్. పెడల్ మీది నుంచి కాలు తీయగానే తిరగడం ఆగుతుంది. ఆగే క్షణంలో నోట్లోని ఉమ్మిని, నెత్తురును కొంత లోపలికి పీల్చుకుంటుంది. పైపైన స్పిరిట్ దూదితో తుడిస్తే లోపలిది ఎట్లా పోతుంది? ప్రతి మనిషి తర్వాతా దాన్ని ఆటోక్లేవ్‌లో వేయాలి. ఒకటో రెండో పెట్టుకుంటే అది కుదరదు. నేను ఆరు కొనేసరికి నాలుగేళ్లు పట్టింది. ఆ ఖర్చు నా ఫీజులో ఉంది. ఫీజు తగ్గించమని బేరమాడేవాళ్లకు ఆ మాటే చెబుతాను.

హెపటైటిస్ బి వైరస్ ఎండిపోయిన నెత్తురు మరకలోనూ 7 రోజులు బతకగలదు. అందుకే పనిలో చేరిన వారంలోనే మా అసిస్టెంట్ అమ్మాయికి టీకా మొదలుపెట్టించాను. ఇక గ్లవ్స్ సంగతి. వేసుకున్నారా అని చూడటం చాలదు. ఆ గ్లవ్స్‌తోనే ఫోనెత్తి, సొరుగు లాగి, మళ్లీ మీ నోట్లో వేలు పెడుతున్నారా అన్నది చూడండి. పెడితే, మార్చుకోమని చెప్పండి. మంచి డాక్టరు కోప్పడడు.

మా దగ్గర ఇప్పుడు 100 మి.లీ. సెలైన్ సీసాలే. ఒకరికి తెరుస్తాం, మిగిలింది సింకులో పోస్తాం.

మొన్న రామకుప్పం నుంచి ఒక తాత వచ్చాడు, కింది దవడ పన్ను పీకించుకోవడానికి. తోడుగా మనవరాలు, నర్సింగ్ చదువుతోందట. నేను పనిముట్లు అందుకోబోతుంటే "మేడమ్, ఆ కవరు మా ముందర చించండి" అంది.

"ఊరుకోమ్మా, మేడమ్‌కు తెలీదా?" అని కసిరాడు తాత.

పౌచ్ ఆ పిల్ల చేతికే ఇచ్చాను. తేదీ చూసింది. రంగు మారిన గుర్తు చూసింది. కాగితం పొడిగా ఉందా అని బొటనవేలితో తడిమింది. నాకు తిరిగిచ్చి, ట్రే పక్కనున్న సెలైన్ సీసా వైపు చూసింది.

"అది ఎప్పుడు తెరిచినారు మేడమ్?"

"ఇంకా తెరవలేదమ్మా" అని సీలు చూపించాను.