కవితకు జాగా ఎంత?

మన హాస్టల్లో కవితో కథో రాసి ట్రంకుపెట్టె అడుగున దాచుకున్నవాళ్ళు గదికొకరైనా ఉంటారు. పత్రికకు పంపితే చదువుతారా, చదవకుండానే బుట్టలో పడేస్తారా అన్నది వాళ్ళ సందేహం. నేను బి.ఎస్సీ. వాణ్ణి. అయినా ఒక చిన్న సాహిత్య మాసపత్రికకు సెలవుల్లో ప్రూఫులు దిద్దిపెట్టినవాణ్ణి గనుక, చూసింది చెబుతాను.

ముందు లెక్క. పత్రిక అచ్చయ్యేది ఫారాల చొప్పున. పెద్ద కాగితానికి ఒకవైపు 8, రెండోవైపు 8 పేజీలు అచ్చువేసి మూడు మడతలు పెడితే 16 పేజీల ఫారం. 64 పేజీలంటే నాలుగు ఫారాలన్నమాట. ఒక కథ 65వ పేజీలోకి జరిగిందనుకోండి, ఆ ఒక్క పేజీ కోసం ఇంకో అరఫారమైనా వెయ్యాలి. అంత తాహతు ఎక్కడిది? కథ వచ్చే నెలకు వాయిదా. బాగాలేక తిరిగిరావడం వేరు, జాగాలేక ఆగడం వేరు.

కవిత గతి ఇంకా అన్యాయం. కథ అయిపోయిన చోట అరపేజీ మిగిలితే దానికి! మా నాన్న చేను మూలల్లో నాలుగు అలసంద గింజలు వేసినట్టు. ఇరుకు కాలంలో పెడితే పొడుగు పంక్తి రెండుగా విరిగి, కవి ఆగని చోట పాఠకుడు ఆగుతాడు. ముందు కవితలకు పేజీలు తీసిపెట్టి, తర్వాత కథలు సర్దే సంపాదకుడికే నా ఓటు.

ఇక దిద్దుడు. మనం ఫోన్లో యూనికోడ్‌లో కొట్టి పంపుతాం. పేజీలు పెట్టేది చాలాచోట్ల అను ఫాంట్లలో. మార్చేటప్పుడు వత్తులు తారుమారవుతాయి, మళ్ళీ అక్షరమక్షరం చూడాలి. అది తప్పని పని. మాట మార్చడం మాత్రం తప్పు. మా సీమలో పొలం గట్టును గెనెం అంటాం. మా క్లాసువాడి కథలో ముసలమ్మ నోట ఉన్న 'గెనెం' అంతా 'గట్టు' చేసి వేశారు ఒక పత్రికవారు. అర్థం చెడలేదు, ముసలమ్మే మారిపోయింది. గ్రాంథికం రాజ్యమేలుతున్న 1910లో గురజాడ 'దిద్దుబాటు' వాడుకభాషలో వచ్చింది 'ఆంధ్రభారతి' అనే పత్రికలోనే కదా! నామిని చిత్తూరు మాటల్లో రాసిన కథలు అన్ని జిల్లాలవాళ్ళూ చదువుకోలేదా?

డబ్బు సంగతి. 1924లో మొదలైన 'భారతి' అంతటిది 1991లో ఆగిపోయింది. సాహిత్య పత్రికలకు ప్రకటనలు తక్కువ, చందాలే ఆధారం. 500 కాపీలు వేసినా 1000 వేసినా పేజీలు పెట్టే కూలి, ప్లేట్ల ఖర్చు ఒక్కటే. పెరిగేది ముఖ్యంగా కాగితం, బైండింగు, పోస్టేజీ. అంటే చందాదారులు పెరిగేకొద్దీ కాపీ ఒక్కింటికి ఖర్చు తగ్గుతుంది, ఇంకో ఫారం వేసుకోవచ్చు. మనవాళ్ళేమో కవితలు పది పంపుతారు, చందా ఒక్కటీ కట్టరు!

పంపదలచినవాళ్ళు ముందు ఆ పత్రిక రెండు మూడు సంచికలు చదవండి. ఒకే కథ ఒకేసారి రెండు చోట్లకు పంపకండి. స్వంత రచనేనని హామీపత్రం జతచెయ్యండి. మా మిత్రుడు రెండో కథ పూర్తిచేశాడు. ఈసారి కవరింగు లెటర్లో తన ఊరి మాటల పట్టీ రాసి, 'ఇవి మార్చవద్దు' అని కింద గీత గీశాడు.