బొమ్మ బాగుంటే చాలదు

జంషెడ్‌పూర్‌లోని బిష్టుపూర్‌లో టీవీ కొనడమంటే ఒకప్పుడు సైజు, ధర చూసుకోవడమే. ఉక్కు కర్మాగారంలో పనికొచ్చి స్థిరపడ్డ తెలుగు కుటుంబాలదీ అదే లెక్క. ఇంట్లో గేమ్ కన్సోల్ ఉంటే మాత్రం ఆ లెక్క చాలదు.

2020 నవంబర్‌లో విడుదలైన ప్లేస్టేషన్ 5, ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ 4కె బొమ్మను సెకనుకు 120 ఫ్రేముల దాకా పంపగలవు. టీవీ అందుకోవాలి కదా! తిరకాసంతా ఇక్కడే. 60 హెర్ట్జ్ ప్యానెల్‌కే 'మోషన్ రేట్' పేరుతో పెద్ద అంకె తగిలించి అమ్మే కంపెనీలున్నాయి. అసలైన 120 హెర్ట్జ్ టీవీలో కూడా నాలుగు హెచ్‌డీఎంఐ పోర్టులుంటే చాలాసార్లు రెండే ఆ వేగాన్ని తట్టుకుంటాయి. అందులో ఒకటి సౌండ్‌బార్‌కు పోవచ్చు.

షోరూములో మెరిసే డెమో వీడియో అసలు సంగతి చెప్పదు. బటన్ నొక్కాక తెరమీద బ్యాట్ ఎంత ఆలస్యంగా కదులుతుందన్నదే ఆటగాడికి ముఖ్యం. బొమ్మకు మెరుగులు దిద్దే పని తగ్గించి ఈ జాప్యాన్ని కుదించేదే గేమ్ మోడ్. వీలైతే కన్సోల్‌ను దుకాణానికే తీసుకెళ్లి ఆడి చూడడం మేలు.

2025 సెప్టెంబర్ 22 నుంచి 32 అంగుళాలు దాటిన టీవీలపై జీఎస్టీ 28 నుంచి 18 శాతానికి తగ్గింది. మిగిలిన డబ్బుతో మరింత పెద్ద తెర కొనాలనిపించడం సహజమే. అయితే చాలా గేములు నేటికీ 30, 60 ఫ్రేముల్లోనే నడుస్తాయి. వాటితో సరిపెట్టుకునే వాళ్లకు మంచి 60 హెర్ట్జ్ టీవీ చాలు.