హాస్టల్ వైఫై ఆగితే తప్పు కొత్త ఫోన్‌దేనా? ఇల్జామ్ వేసే ముందు చూడాల్సినవి ఇవే

కర్నూలు, కడప: హాస్టల్లో వైఫై పదేపదే ఆగిపోతోంది. అదే వారంలో ఎవరో ఒక విద్యార్థి కొత్త ఫోనో, ట్యాబో, స్మార్ట్ వాచో తెచ్చుకున్నారు. ఇక అందరి వేళ్లూ అటువైపే. ‘‘నీ ఫోన్ వచ్చినప్పట్నుంచే ఇట్లా అయితాంది’’ అని ఒకరు అంటే చాలు, సాయంత్రానికి హాస్టల్ మొత్తం అదే మాట ఖాయం చేసేస్తుంది.

ఇది చిన్న విషయంగా కనిపించొచ్చు. కానీ ఇవాళ నెట్ లేకపోతే చదువే ముందుకు సాగదు. ఇడుపులపాయలోని ఆర్‌జీయూకేటీ 2008లో మొదలైనప్పటి నుంచే ల్యాప్‌టాప్ మీద పాఠాలు చెప్పే పద్ధతి పెట్టుకుంది. కర్నూలులోని ట్రిపుల్ ఐటీ డీఎం, డాక్టర్ అబ్దుల్ హక్ ఉర్దూ యూనివర్సిటీ, కడపలోని యోగి వేమన యూనివర్సిటీ, ఏ క్యాంపస్‌లో చదివే పిల్లలకైనా హాల్ టికెట్, ఫీజు, స్కాలర్‌షిప్ అప్లికేషన్ అన్నీ ఆన్‌లైన్‌లోనే. చివరి తేదీ రోజు నెట్ పోతే నష్టం పిల్లలకే.

ఇంట్లో పరిస్థితి ఇంకోలా ఉంటుంది. చాలా కుటుంబాల్లో ఫోన్ వాయిదాల మీద కొంటారు. అమ్మాయికి ఫోన్ ఇచ్చేటప్పుడు ఎన్నో షరతులు పెడతారు. ‘‘మీ పాప ఫోన్ వల్ల హాస్టల్ నెట్ పాడవుతోంది’’ అని ఒక్క కాల్ వస్తే చాలు, మరుసటి ఆదివారం ఫోన్ ఇంటికి వచ్చేస్తుంది. నెట్ మాత్రం బాగుపడదు. ఎందుకంటే అసలు తప్పు ఎక్కడుందో ఎవరూ చూడలేదు.

ఈ పొరపాటు మన దగ్గర మాత్రమే జరగదు. పెద్ద పెద్ద ఇంజనీర్లున్న చోట కూడా జరిగింది.

2007లో డ్యూక్ యూనివర్సిటీలో ఏం జరిగింది?

యాపిల్ కంపెనీ మొదటి ఐఫోన్ 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. రెండు వారాలు గడిచాయో లేదో, నార్త్ కరోలినా రాష్ట్రంలోని డ్యూక్ యూనివర్సిటీ వైఫైకి జబ్బు చేసింది. ఒక్కోసారి పది పన్నెండు నుంచి 30 దాకా యాక్సెస్ పాయింట్లు, అంటే వైఫై సిగ్నల్ ఇచ్చే పెట్టెలు, ఒకేసారి పనిచేయడం మానేసేవి. పది పదిహేను నిమిషాల తర్వాత మళ్లీ లేచేవి.

నెట్‌వర్క్ సిబ్బంది రికార్డులు తీసి చూశారు. సెకనుకు 18,000 దాకా రిక్వెస్టులు వచ్చి పడుతున్నాయి. అవి ఐఫోన్ల నుంచే వస్తున్నట్టు కనిపించింది. అప్పటికి ఆ క్యాంపస్ నెట్‌వర్క్‌లో నమోదైన ఐఫోన్లు సుమారు 150. కొత్త ఫోన్ వచ్చింది, నెట్ పడిపోయింది, రికార్డులో కూడా దాని పేరే ఉంది. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? పత్రికలు, వెబ్‌సైట్లు ‘యూనివర్సిటీ నెట్‌వర్క్‌ను పడగొట్టిన ఐఫోన్’ అనే తీరులో వార్తలు రాసేశాయి. ఆగస్టులో సెలవులు ముగిసి విద్యార్థులు ఇంకెన్ని ఐఫోన్లతో వస్తారో అన్న ఆందోళన కూడా మొదలైంది.

జూలై 20న కథ తిరగబడింది. యూనివర్సిటీ ఐటీ విభాగం అధిపతి ట్రేసీ ఫ్యూతీ ఒక ప్రకటన చేశారు. సమస్యకు మూలం సిస్కో కంపెనీ నెట్‌వర్క్ పరికరాలకు సంబంధించినదని, సిస్కో ఇచ్చిన సవరణ వేశాక అది మళ్లీ రాలేదని, ఐఫోన్‌దే తప్పన్న ముందు వార్తలు సరికావని తేల్చారు. జూలై 24న సిస్కో కూడా తన వైర్‌లెస్ కంట్రోలర్లలోని ఆ లోపం గురించి అధికారికంగా హెచ్చరిక విడుదల చేసింది.

మరి ఫోన్ చేసిందేమిటి?

ఫోన్ ఒక చిన్న ప్రశ్న వేసింది, అంతే. కొత్త వైఫైలోకి వచ్చిన పరికరం ‘నేను ఇంతకుముందు వాడిన రూటర్ ఇక్కడ ఉందా?’ అని అడిగి చూసుకునే పద్ధతి ఒకటుంది. పాత చోటికే తిరిగి వస్తే కనెక్షన్ తొందరగా దొరుకుతుందని ఈ ఏర్పాటు. 2006లోనే ఇంటర్నెట్ ప్రమాణాల్లో రాసిపెట్టిన పద్ధతి ఇది. జవాబు రాకపోతే ఫోన్ మామూలుగా కొత్త అడ్రస్ తీసుకుంటుంది. దీంతో ఎవరికీ నష్టం లేదు.

చిక్కు కంట్రోలర్ల దగ్గర వచ్చింది. పెద్ద క్యాంపస్‌లో యాక్సెస్ పాయింట్లన్నిటినీ నడిపించే యంత్రాలను కంట్రోలర్లు అంటారు. విద్యార్థి ఒక బిల్డింగ్ నుంచి ఇంకో బిల్డింగ్‌కు నడిచి వెళ్తే, ఆ ఫోన్ వివరాలు రెండు కంట్రోలర్ల దగ్గరా ఉండిపోయే సందర్భం వస్తుంది. అలాంటప్పుడు ఈ తరహా ప్రశ్న వస్తే లోపమున్న కంట్రోలర్లు దాన్ని సరిగా సంభాళించలేకపోయాయి.

రెండు పోస్టాఫీసులు ఉన్నాయనుకోండి. అడ్రస్ దొరకని ఒక ఉత్తరం వచ్చింది. మొదటి ఆఫీసు దాన్ని రెండోదానికి పంపింది. రెండోది మళ్లీ మొదటిదానికి పంపింది. పంపిన ప్రతిసారీ కొత్త కాపీలు తయారవుతుంటే కాసేపటికి రెండు ఆఫీసులూ ఉత్తరాలతో నిండిపోతాయి. ప్రతి కవరు మీదా పంపినవారి పేరు ఒకటే. చూసేవాళ్లు ‘ఈ మనిషే వేల ఉత్తరాలు రాశాడు’ అనుకుంటారు. నిజానికి ఆయన రాసింది ఒకటే.

మరి ఐఫోన్ రాకముందు ఈ లోపం ఎందుకు బయటపడలేదు? ల్యాప్‌టాప్‌ను మామూలుగా మూసి బ్యాగులో పెట్టుకుని నడుస్తాం. ఫోన్ అలా కాదు, జేబులో మేలుకునే ఉంటుంది, నడుస్తూనే నెట్‌వర్క్‌తో మాట్లాడుతుంటుంది. గోడలో పగులు ముందే ఉంది, వాన వచ్చాక కారింది. వానను తిట్టుకుంటే గోడ బాగుపడదు.

బోరు సంగతి మనకు తెలిసిందే

రాయలసీమ వాళ్లకు ఈ తర్కం కొత్త కాదు. పక్క చేనులో కొత్త బోరు వేశారు, వారంలో మన బోరు ఎండిపోయింది. వెంటనే ఆ కొత్త బోరే కారణం అంటాం. ఒక్కోసారి అది నిజమే కావచ్చు. ఒక్కోసారి మన మోటారే కాలిపోయి ఉంటుంది, పైపు పగిలి ఉంటుంది, లేదా రెండేళ్లుగా వానల్లేక భూగర్భ జలం కిందికి పోయి ఉంటుంది. మోటారు పైకి తీసి చూసేదాకా ఏదీ చెప్పలేం. ఒకదాని తర్వాత ఒకటి జరిగినంత మాత్రాన మొదటిది రెండోదానికి కారణం అయిపోదు.

మన క్యాంపస్‌లలో చూడాల్సిన చోట్లు

మొదటిది, అడ్రసుల కొరత. వైఫైకి చేరే ప్రతి పరికరానికీ ఒక ఐపీ నంబరు కావాలి. చిన్న నెట్‌వర్క్‌ను మామూలుగా 254 నంబర్లతో సెట్ చేస్తారు. ఉదాహరణకు 120 మంది ఉన్న హాస్టల్లో తలా ఒక ఫోన్, ఒక ల్యాప్‌టాప్ అంటే 240. ఇంకో పదిహేను మంది కొత్త ట్యాబ్ తెచ్చుకుంటే లెక్క దాటిపోయింది. చివర వచ్చినవాళ్లకు నంబరు దొరకదు. చూసేవాళ్లకు ‘కొత్త ట్యాబులు వచ్చాకే పాడైంది’ అనిపిస్తుంది. అసలు సంగతి, నెట్‌వర్క్‌ను తక్కువ మందికి కట్టారు. పైగా నంబరును ఎక్కువ రోజులకు ఇచ్చేలా సెట్ చేసి ఉంటే, సెలవుకు ఆదోనికో ప్రొద్దుటూరుకో వెళ్లిన పిల్లల నంబర్లు కూడా ఖాళీ కావు.

రెండోది, పరికరం గుర్తింపు. కొన్ని కాలేజీలు ప్రతి ఫోన్ హార్డ్‌వేర్ నంబరును రాసుకుని, దానికి మాత్రమే అనుమతి ఇస్తాయి. అయితే 2019లో వచ్చిన ఆండ్రాయిడ్ 10, 2020లో వచ్చిన ఐఓఎస్ 14 నుంచి ఫోన్లు ప్రైవసీ కోసం అసలు నంబరు బదులు మారు నంబరు చూపిస్తున్నాయి. కాలేజీ రికార్డులో ఒక నంబరు, ఫోన్ చూపేది ఇంకొకటి. అందుకే కనెక్ట్ కాదు. ఇది ఫోన్ చెడిపోవడం కాదు. సెట్టింగ్స్‌లో కాలేజీ వైఫై ఒక్కదానికి ఆ ప్రైవేట్ అడ్రస్ ఆపేస్తే సరిపోతుంది.

మూడోది, గాల్లో రద్దీ. చాలా చోట్ల వాడే 2.4 గిగాహెర్ట్జ్ వైఫైలో ఒకదానికొకటి అడ్డుపడని ఛానెళ్లు మూడే: 1, 6, 11. గదికొక హాట్‌స్పాట్ ఆన్ చేస్తే అందరూ ఒకే సందులో అరిచినట్టు ఉంటుంది. దానికితోడు పాత బిల్డింగులైతే మందపాటి రాతి గోడలు. మన నాపరాళ్లు ఇంటికి చలువేమో గానీ, సిగ్నల్‌కు మాత్రం అడ్డమే.

నాలుగోది, ఎండ, కరెంటు. చాలా ఇండోర్ యాక్సెస్ పాయింట్లను 40 నుంచి 50 డిగ్రీల వేడి వరకు తట్టుకునేలా తయారు చేస్తారు. కర్నూలు, కడపల్లో ఏప్రిల్, మే నెలల్లో బయటే 40 దాటుతుంది. రేకుల కప్పు కింద బిగించిన పెట్టె పరిస్థితి ఊహించుకోవచ్చు. మధ్యాహ్నం ఆగి, రాత్రికి దానంతట అదే బాగవుతుంటే ముందు అనుమానించాల్సింది వేడిని. కరెంటు పోయి వచ్చిన ప్రతిసారీ నెట్ ఆగుతుంటే యూపీఎస్ బ్యాటరీని చూడాలి.

ఐదోది, బయటి లైను. రోడ్డు పనుల్లో జేసీబీ ఫైబర్‌ను తెంచితే క్యాంపస్ లోపల ఎవరి ఫోన్‌నూ అనాల్సిన పనిలేదు. కాలేజీ లోపలి పేజీ తెరుచుకుంటూ, బయటి సైట్లు రాకపోతే లోపం బయటే ఉండే అవకాశం ఎక్కువ.

పరికరానిదే తప్పయిన సందర్భాలూ ఉన్నాయి

కొత్త పరికరం ఎప్పుడూ అమాయకమే అనుకోవడం కూడా పొరపాటే. 2010 ఏప్రిల్ 3న ఐప్యాడ్ వచ్చింది. అమెరికాలోని ప్రిన్స్‌టన్ యూనివర్సిటీలో కొన్ని ఐప్యాడ్లు తమకిచ్చిన ఐపీ నంబరు గడువు అయిపోయినా వదలకుండా వాడుతూనే ఉన్నాయి. అద్దె గడువు తీరినా ఇల్లు ఖాళీ చేయని మనిషి లాగా. ఈలోగా అదే నంబరు ఇంకొకరికి వెళ్తే ఇద్దరికీ గొడవే.

ప్రిన్స్‌టన్ సిబ్బంది ఊరికే అనేసి వదిలేయలేదు. నంబరు ఎప్పుడు ఇచ్చారు, గడువు ఎప్పుడు తీరింది, ఆ తర్వాత కూడా ఎలా వాడింది అనే వివరాలను వరుసగా నమోదు చేసి బయటపెట్టారు. సమస్య చేస్తున్న ఐప్యాడ్లనే ఆపారు, అన్నిటినీ కాదు. మాట ఒకటే, ‘కొత్త పరికరం వల్లే’. కానీ ఇక్కడ దాని వెనక తహ్ఖీఖ్ ఉంది.

మన హాస్టళ్లలో ఇలాంటిదే ఒకటి జరుగుతుంటుంది. ఇంటి నుంచి తెచ్చిన చిన్న రూటర్‌ను గోడలోని కేబుల్ పాయింట్‌కు తప్పు వైపు తగిలిస్తే, అది కూడా అందరికీ ఐపీ నంబర్లు పంచడం మొదలుపెడుతుంది. తప్పుడు నంబరు అందుకున్నవాళ్లకు నెట్ రాదు. ఇక్కడ తప్పు నిజంగా ఆ పెట్టెదే. దాన్ని తీసేయగానే నెట్ సర్దుకుంటుంది, తగిలిస్తే మళ్లీ పోతుంది. రుజువు అంటే అదే.

విద్యార్థులు, తల్లిదండ్రులు ఏం చేయాలి?

- కొత్త ఫోన్‌ను ఆపేసి, అదే చోట పాత ఫోన్‌తో చూడండి. దానికీ నెట్ రాకపోతే కొత్త ఫోన్‌ను అనడానికి లేదు.
- కొత్త ఫోన్‌ను ఇంకో బ్లాక్‌కు తీసుకెళ్లి చూడండి. అక్కడ బాగా పనిచేస్తే లోపం ఆ గది సిగ్నల్‌లో ఉండొచ్చు.
- అనుమానం ఉన్న ఫోన్‌ను ఒక పూట పూర్తిగా ఆపేయండి. నెట్ సర్దుకుందా? ఆన్ చేస్తే మళ్లీ పోయిందా? కనీసం రెండు మూడు సార్లు ఇలా అయితేనే అనుమానం బలపడినట్టు.
- నెట్ ఎప్పుడు పోయింది, ఏ గదిలో, ఎంతసేపు, అప్పుడు కరెంటు ఉందా లేదా, ఒక నోట్‌బుక్‌లో రాసుకోండి. వారం రోజుల రాత చాలా విషయాలు చెబుతుంది.
- ల్యాప్‌టాప్‌లో ఐపీ నంబరు 169.254తో మొదలైతే, దానికి నెట్‌వర్క్ నుంచి నంబరు అందలేదని అర్థం. ఆ సంగతి సిబ్బందికి చెప్పండి.

కాలేజీ నుంచి ఫోన్ వస్తే తల్లిదండ్రులు భయపడి వెంటనే పిల్లల చేతిలోని ఫోన్ లాక్కోవద్దు. మర్యాదగా మూడు ప్రశ్నలు అడగండి. ‘‘సార్, ఈ ఫోన్ ఆపి చూశారా? ఆపితే నెట్ బాగయ్యిందా? హాస్టల్లో ఎన్ని పరికరాలున్నాయి, ఎన్నిటికి సరిపడా నెట్‌వర్క్ ఉంది?’’ వీటికి జవాబు ఉంటే వినాలి, అవసరమైతే ఫోన్ రిపేర్‌కు ఇవ్వాలి. జవాబు లేకపోతే ఆ ప్రశ్నలనే రాతపూర్వకంగా ప్రిన్సిపాల్‌కు ఇవ్వొచ్చు.

వార్డెన్లు, ల్యాబ్ సిబ్బంది పరిస్థితి కూడా అర్థం చేసుకోవాలి. చాలా చోట్ల ఒకరిద్దరే మొత్తం క్యాంపస్ చూసుకుంటారు. వంద మంది ఒకేసారి ‘నెట్ లేదు’ అని మీద పడితే ఏదో ఒక కారణం చెప్పి పంపేయాలనే అనిపిస్తుంది. కానీ తొందరలో చెప్పిన కారణం వాళ్లకే ఎక్కువ పని పెడుతుంది, ఎందుకంటే లోపం అలాగే ఉండి వచ్చే వారం మళ్లీ తలుపు తడుతుంది. డ్యూక్‌లో ఐఫోన్లను నిషేధించి ఊరుకుని ఉంటే, కంట్రోలర్లలోని లోపం ఇంకో కొత్త పరికరం వచ్చేదాకా దాగి ఉండేది. వాళ్లు వెతికారు కాబట్టే, ఆ కంట్రోలర్లు వాడుతున్న మిగతా సంస్థలకు కూడా మందు దొరికింది.