గడ్డివామిలో దొరికిన బరిసె ఏం రుజువు చేస్తుంది?

1944 డిసెంబరు చివర్లో గుంటూరు సెషన్స్ కోర్టు పరిధిలో, పులిపాడు చెరువు మూల, ఇద్దరిని కొట్టి చంపారు. పక్షం రోజుల తర్వాత, 1945 జనవరి 12న, పోలీసుల అదుపులో ఉన్న ఒక ముద్దాయి వాంగ్మూలం ఇచ్చాడు. దాని సారాంశం ఇది: పొద్దుగూకే వేళ మా పార్టీవాళ్లం మాటు వేశాం, ఆ ఇద్దరినీ చచ్చేదాకా కొట్టాం, మిగతావాళ్లు పారిపోయారు, మాలో ఒకడికి చేతుల మీద దెబ్బలు తగిలితే తన బరిసె నా చేతికిచ్చాడు, దాన్నీ నా కర్రనూ ఊళ్లో ఫలానా వారి గడ్డివామిలో దాచాను, వస్తే చూపిస్తాను, ఇదంతా ఫలానా పెద్దమనిషి ప్రోద్బలంతోనే చేశాం.

గుంటూరు సెషన్స్ కోర్టు శిక్షలు వేసింది. మద్రాసు హైకోర్టు అప్పీలు కొట్టేసింది. కేసు లండన్‌లోని ప్రివీ కౌన్సిల్ దాకా వెళ్లింది. 1946 డిసెంబరులో సర్ జాన్ బోమాంట్ రాసిన తీర్పు ‘పులుకూరి కొట్టయ్య కేసు’గా దేశమంతటా స్థిరపడింది. ఈనాటికీ హత్య కేసులో ఆయుధం రికవరీ ప్రస్తావన వస్తే, కన్యాకుమారి నుంచి కాశ్మీరు దాకా ఏ కోర్టులోనైనా ముందుగా వినిపించే పేరు ఇదే. పత్తి, మిర్చి పండే ఈ నల్లరేగడి నేల ప్రపంచ న్యాయశాస్త్రానికి ఇచ్చినది ఏమిటో ఇక్కడి చదువరులకే అంతగా తెలియకపోవడం నాకు బాధగా ఉంటుంది. హత్యానేరం మోపబడిన మనిషికి ఉన్న రక్షణలను అర్థం చేసుకోవడానికి ఇంతకన్నా మంచి పాఠం లేదు.

పోలీసు అధికారి ముందు చేసిన నేరాంగీకారం సాక్ష్యంగా చెల్లదని 1872 నాటి సాక్ష్య చట్టం 25, 26 సెక్షన్లు చెప్పాయి. 27వ సెక్షన్ ఒక చిన్న మినహాయింపు ఇచ్చింది: ముద్దాయి ఇచ్చిన సమాచారం వల్ల ఏదైనా విషయం బయటపడితే, ఆ విషయానికి నేరుగా సంబంధించిన భాగాన్ని మాత్రం కోర్టు చూడవచ్చు. ఆ ‘విషయం’ అంటే దొరికిన వస్తువే అనుకుంటే, ఆ వస్తువు నేరానికి ఎలా ముడిపడిందో చెప్పే ఒప్పుకోలంతా లోపలికి వచ్చేస్తుంది. 1937లో మద్రాసు హైకోర్టు ఫుల్ బెంచి ఇంచుమించు ఆ వైపే మొగ్గింది. ప్రివీ కౌన్సిల్ దాన్ని ఒప్పుకోలేదు. ఇంటి కప్పులో దాచిన కత్తి చూపిస్తానని ముద్దాయి అంటే, ఆ మాట వల్ల బయటపడింది కత్తి కాదు. కత్తి అనేది లోకానికి ఎప్పటినుంచో తెలుసు. బయటపడింది, ఆ కత్తి ఆ కప్పులో ఉందన్న సంగతి, అది అతనికి తెలుసునన్న సంగతి. అంతకు మించి కాదు. ‘దానితోనే పొడిచాను’ అని చేర్చితే ఆ మాటను తీసి పక్కన పెట్టాలి. లేకపోతే ఒక వస్తువు దొరికిందన్న సాకుతో పోలీసులు తమకు కావలసిన ఒప్పుకోలంతా రాబట్టుకుంటారని, 25, 26 సెక్షన్లు ఉండీ లేనట్టే అవుతాయని ఆ తీర్పు హెచ్చరించింది.

ఆ ప్రమాణంతో చెరువు మూల వాంగ్మూలాన్ని చదివితే మిగిలేవి రెండే వాక్యాలు: బరిసెనూ కర్రనూ ఫలానా వామిలో దాచాను, వస్తే చూపిస్తాను. మాటువేయడం, కొట్టడం, ప్రోద్బలం, అన్నీ పోయాయి. చెల్లని భాగాలు తీసేసి, మిగిలిన సాక్ష్యం మీద శిక్షలు నిలుస్తాయో లేదో మళ్లీ చూడమని కేసును మద్రాసు హైకోర్టుకు తిప్పి పంపారు.

ఇది కేవలం న్యాయవాదుల మెలిక అనుకునేవారు ఒక్క క్షణం శాస్త్రజ్ఞుడిలా ఆలోచించాలి. పరిశీలన వల్ల ఏ ప్రతిపాదన ధ్రువపడింది? వామిలో చేయి పెడితే బరిసె తగిలింది కాబట్టి ‘అక్కడ బరిసె ఉంది’ అన్న మాట నిజమని తేలింది. ‘నేను చంపాను’ అన్న మాటను ఆ చేయి తడమలేదు. బరిసె అక్కడుందని తెలియడానికి కారణాలు ఎన్నో ఉండవచ్చు. తానే దాచి ఉండవచ్చు, ఇంకొకడు దాస్తుంటే చూసి ఉండవచ్చు, ఎవరో చెప్పి ఉండవచ్చు. పట్టుకున్నవాళ్లే అక్కడ పెట్టి ఉండవచ్చు కూడా. వీటిలో ఏది నిజమో తేల్చడానికి వేరే సాక్ష్యం కావాలి: గాయం లోతు, అంచుల తీరు ఆ మొనకు సరిపోతున్నాయా, లోహం మీద మనిషి రక్తం ఉందా, అది ఎవరిది.

ఆ రక్తపరీక్షలోనూ జాగ్రత్త కావాలి. మిర్చి చేలో దొరికిన కొడవలి మీద మరకకు చేసే ప్రాథమిక రంగు పరీక్షలో, రక్తంలోని హీమ్ వల్ల రంగు మారుతుంది. కానీ మొక్కల రసంలోని పెరాక్సిడేజ్ ఎంజైములకూ ఆ రంగు మారవచ్చు. తుప్పు కూడా మోసం చేయవచ్చు. అది రక్తమేననీ, మనిషి రక్తమేననీ వేరే పరీక్షలు నిర్ధారించాలి. అప్పటికీ అది ఎవరి రక్తమో చెప్పగలిగేది డీఎన్ఏ. ‘రక్తపు మరకలున్న కొడవలి స్వాధీనం’ అన్న పత్రికా వాక్యానికీ, రుజువుకూ మధ్య ఇంత దూరం ఉంది.

పత్తి మండలాల్లో ఇదే ప్రశ్న మరో రూపంలో వస్తుంది. విషప్రయోగం ద్వారా హత్య అన్న అభియోగంలో కోర్టులు చూసేవి: చంపే ఉద్దేశానికి కారణం, మరణం విషం వల్లనేనన్న నిర్ధారణ, ముద్దాయి దగ్గర ఆ విషం ఉండటం, పెట్టే అవకాశం. శరద్ సర్దా కేసులో సుప్రీంకోర్టు 1984లో ఈ నాలుగింటినీ స్పష్టంగా చెప్పింది. నగరంలో ఒకరింట్లో ఆర్గానోఫాస్ఫేట్ పురుగుమందు డబ్బా దొరికితే అది బరువైన సాక్ష్యమే. ప్రత్తిపాడులోనో పర్చూరులోనో, పురుగుమందు డబ్బా ఏ రైతు వసారాలోనైనా ఉంటుంది. అందరి దగ్గరా ఉన్నది ఒకరిని వేరుచేసి చూపించలేదు. ఇంకొకటి: ఈ మందులు రక్తంలోని కోలినెస్టరేజ్ అనే ఎంజైమును తగ్గిస్తాయి, సీజనంతా పిచికారీ చేసిన కూలీకి ఆ స్థాయి ముందే తగ్గి ఉండవచ్చు. కాబట్టి ఆ ఒక్క అంకె చూసి మందు తాగించారని చెప్పలేం. శవపరీక్షలో తీసిన అవయవ భాగాలను ఎందులో భద్రపరిచారు, సీలు ఎవరు వేశారు, ల్యాబుకు ఎన్నాళ్లకు చేరాయి అన్నవి డిఫెన్సు న్యాయవాది అడిగి తీరవలసిన ప్రశ్నలు.

కొట్టయ్య తీర్పులో అంతగా గుర్తుండని రెండో భాగం ఉంది. సాక్షులను మొదట విచారించినప్పుడు పోలీసు అధికారి నోటుబుక్కులో రాసుకున్నవి డిఫెన్సుకు సకాలంలో అందలేదు. ఆ లోపం వల్ల ఆ విచారణ మొత్తం చెల్లకుండా పోదని అన్నా, ఆ ప్రతులు పొందే హక్కు ఎంతో విలువైనదని ప్రివీ కౌన్సిల్ చెప్పింది. మొదట చెప్పినదానితో పోల్చి అడిగితే, అబద్ధం చెప్పే సాక్షి అక్కడే జారవచ్చు. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 230వ సెక్షన్ ప్రకారం ఛార్జిషీటు, సాక్షుల వాంగ్మూలాల ప్రతులు ముద్దాయికి ఉచితంగా ఇవ్వాలి.

అరెస్టయిన మొదటి గంటలే అన్నిటికన్నా ముఖ్యం. ఎందుకు పట్టుకున్నారో చెప్పాలి. 24 గంటల్లో మేజిస్ట్రేటు ముందు పెట్టాలి. ఇష్టమైన న్యాయవాదిని సంప్రదించనివ్వాలి. ఇవి రాజ్యాంగం 22వ అధికరణం ఇచ్చిన హక్కులు. తనకు వ్యతిరేకంగా సాక్ష్యం చెప్పమని ఒత్తిడి చేయరాదన్నది 20(3). కస్టడీలో ఉన్నవారికి ఆదాయంతో పనిలేకుండా ఉచిత న్యాయవాది దొరుకుతారు. న్యాయసేవల హెల్ప్‌లైన్ 15100. నార్కో పరీక్ష, లై డిటెక్టర్ వంటివి సమ్మతి లేకుండా చేయకూడదని 2010లో సెల్వి కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఒంట్లోకి మందు ఎక్కించి మాట రాబట్టడం 1945 నాటి స్టేషను గదికన్నా ఎక్కువ శాస్త్రీయమేమీ కాదు.

అరెస్టు తర్వాత వైద్యపరీక్షను చాలామంది లాంఛనంగా చూస్తారు. అది ముద్దాయికి కవచం. చెరువు మూల వాంగ్మూలంలో ముద్దాయి పక్షం మనిషికీ చేతుల మీద దెబ్బలున్నాయని చదివాం కదా. ముద్దాయి ఒంటి మీది గాయాలకు ప్రాసిక్యూషన్ వివరణ ఇవ్వకపోతే దాని కథనం బలహీనపడుతుందని సుప్రీంకోర్టు 1976లో లక్ష్మీసింగ్ కేసులో చెప్పింది. రాత్రి మిర్చి కల్లం కాపలాకు పడుకున్న రైతు మీదికి కత్తులతో వస్తే, ప్రాణభయం ఉన్నంతవరకు ఆత్మరక్షణలో ప్రాణం తీసినా నేరం కాదు. కాయలు మూటకట్టుకుని పారిపోతున్నవాణ్ణి వెంటాడి నరికితే ఆ రక్షణ లేదు. గట్టు తగాదాలో, ముందు ఆలోచన లేకుండా, మాటా మాటా పెరిగి దెబ్బ తగిలి ప్రాణం పోతే అది హత్య కాని నరహత్య కావచ్చు. అయితే అనుచితమైన పైచేయి తీసుకోకూడదు, క్రూరంగా ప్రవర్తించకూడదు. మరణశిక్ష లేదా యావజ్జీవానికీ, పదేళ్లలోపు శిక్షకూ మధ్య తేడా కొన్నిసార్లు ఆ గాయాల చీటీలోనే ఉంటుంది.

ఇక పంచనామా. ఒప్పుకోలుకీ రికవరీకీ సాక్షులుగా తరచూ గ్రామ రెవెన్యూ ఉద్యోగులే ఉంటారు. ఏ కేసు తెరిచినా అవే వాక్యాలు. ముద్దాయి అన్న అసలు మాటలేమిటో సాక్షులు కోర్టులో చెప్పలేకపోతే ఆ రికవరీ మీద ఆధారపడలేమని 2022లో కర్ణాటక నుంచి వచ్చిన సుబ్రమణ్య కేసులో సుప్రీంకోర్టు తేల్చింది. ఇప్పుడు సోదా, స్వాధీనం వీడియో తీయాలని కొత్త సంహిత 105వ సెక్షన్, ఏడేళ్లు, ఆపైన శిక్ష పడే నేరాల్లో ఫోరెన్సిక్ నిపుణులు ఘటనాస్థలానికి రావాలని 176వ సెక్షన్ అంటున్నాయి. పాత 27వ సెక్షన్ ఇప్పుడు భారతీయ సాక్ష్య అధినియమం 23వ సెక్షన్ కింద చేరింది; కొట్టయ్య సూత్రం అలాగే ఉంది. కెమెరా చేలో కొడవలి పైకి తీసే చోట మొదలైతే మాత్రం చాలదు. ముద్దాయి మాట ముందా, వస్తువు ముందా అన్నదే ఇక్కడి ప్రశ్న గనుక రికార్డింగు స్టేషనులో అతను నోరు తెరిచినప్పటి నుంచి కోతలేకుండా ఉండాలి. దాని ప్రతినీ, సాక్ష్య అధినియమం 63వ సెక్షన్ ధ్రువపత్రంలో హ్యాష్ విలువనూ (ఫైలు తర్వాత మారిందో లేదో తెలిపే సంకేతం) డిఫెన్సు న్యాయవాది మొదటి వాయిదాలోనే అడగాలి.